క్యాంప్ మ్యూర్: ఆ పేరు వెనక మనిషి

వాషింగ్టన్ రాష్ట్రంలో ఉండే మన తెలుగువాళ్ళకి ఎండాకాలం వచ్చిందంటే మౌంట్ రైనీర్ యాత్ర తప్పదు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినా, కొత్తగా పెళ్ళయిన జంట వచ్చినా, కారులో పారడైజ్ దాకా తీసుకెళ్ళి, కొండ ముందు నిలబెట్టి ఫొటోలు తీసి, డబ్బాల్లో తెచ్చుకున్న పులిహోర, పెరుగన్నం తిని తిరిగి రావడం ఆనవాయితీ. కాళ్ళలో కాస్త బలం ఉన్నవాళ్ళు అక్కడితో ఆగరు. 5,400 అడుగుల ఎత్తున ఉన్న పారడైజ్ నుంచి 10,188 అడుగుల ఎత్తున ఉన్న క్యాంప్ మ్యూర్ దాకా ఎక్కి, అదే రోజు దిగి వచ్చేస్తారు. రానూపోనూ తొమ్మిది మైళ్ళు. అందులో దాదాపు సగం మంచు మీద నడకే. అసలు శిఖరం 14,410 అడుగులు. అది శిక్షణ, తాళ్ళు, పర్మిట్లు ఉన్నవాళ్ళ సంగతి. మనలాంటి వారాంతపు వీరులకి క్యాంప్ మ్యూరే ఎవరెస్టు!

ఎక్కి వచ్చినవాళ్ళు ఎన్ని గంటలు పట్టిందో చెబుతారు, మోకాళ్ళు ఎలా పట్టేశాయో చెబుతారు. ఇంతకీ ఈ మ్యూర్ ఎవరండీ అని అడిగితే మాత్రం, ఎవరో పాతకాలపు ఫారెస్టు ఆఫీసరై ఉంటాడని ఊరుకుంటారు. బే ఏరియాలో ఉన్నవాళ్ళకి మ్యూర్ వుడ్స్ తెలుసు. కాలిఫోర్నియాలో ఆయన పేరుతో కాలిబాట ఉంది, బడులు ఉన్నాయి. ఆయన ఫారెస్టు ఆఫీసరు కాదు. మొదట్లో మనలాంటి యంత్రాల మనిషి. అందుకే ఆయన కథ చదవడం మొదలుపెట్టాక నేను వదల్లేకపోయాను.

జాన్ మ్యూర్ 1838 ఏప్రిల్ 21న స్కాట్లండులోని డన్‌బార్ అనే సముద్రతీరపు ఊళ్ళో పుట్టారు. ఎనిమిది మంది పిల్లల్లో మూడోవాడు. తండ్రి డేనియల్ మ్యూర్ మహా దైవభక్తుడు, అంతకు మించి కఠినుడు. దెబ్బల భయంతో ఆ పిల్లవాడు బైబిలు కొత్త నిబంధన మొత్తం, పాత నిబంధన చాలా భాగం కంఠస్థం చేశాడు. మన పాతకాలపు వీధిబడి పంతుళ్ళు గుర్తొస్తారు. 1849లో, జాన్‌కి ఇంకా పదకొండు నిండకముందే, కుటుంబం అమెరికాకి వలస వచ్చింది. విస్కాన్సిన్‌లో అడవి కొట్టి పొలం చేశారు. ఆ చాకిరీలో పెద్ద భాగం పిల్లలదే.

ఆ రోజుల సంఘటన ఒకటి చెప్పాలి. రెండో పొలంలో నీళ్ళు లేక బావి తవ్వాల్సి వచ్చింది. పైన పదడుగులు పోగానే ఇసుకరాయి. తండ్రి జాన్‌ని బొక్కెనలో కూర్చోబెట్టి లోపలికి దింపేవాడు. ఉలి, సుత్తి పెట్టి ఆ కుర్రవాడు నెలల తరబడి ఒంటరిగా రాయి చెక్కాడు. 80 అడుగుల లోతున ఒక ఉదయం విషవాయువు చేరి స్పృహ తప్పబోయాడు. పైనుంచి కేకలు వేసి, ఎలాగో బొక్కెనలో ఎక్కేలా చేసి లాగారు. కోలుకున్నాక మళ్ళీ దింపారు. 90 అడుగుల దగ్గర నీళ్ళు పడ్డాయి. తండ్రి ఒక్క గంటసేపైనా ఆ బావిలో పని చెయ్యలేదని మ్యూర్ ముసలితనంలో రాసుకున్నారు.

పగలంతా పొలం పని. చదువుకోవాలంటే తెల్లవారుజామున ఎంత త్వరగా లేచినా అభ్యంతరం లేదని తండ్రి ఒకసారి మాటిచ్చాడు. జాన్ రాత్రి ఒంటిగంటకే లేవడం మొదలుపెట్టాడు! నేలమాళిగలో కూర్చుని కొయ్యతో గడియారాలు చేశాడు. టైము కాగానే మంచాన్ని వంచేసి, పడుకున్నవాణ్ణి నిలబెట్టే యంత్రం చేశాడు. 1860లో వాటిని భుజాన వేసుకుని మాడిసన్‌లో జరిగిన రాష్ట్ర ప్రదర్శనకి వెళితే జనం విరగబడి చూశారు. తరవాత విస్కాన్సిన్ యూనివర్సిటీలో చేరి ఒక చదువుబల్ల తయారు చేశారు. గడియారంతో నడిచే ఆ బల్ల ఒక పుస్తకాన్ని పైకి తెచ్చి, తెరిచి, నిర్ణయించిన నిమిషాలు కాగానే కిందికి దించి, ఇంకో పుస్తకాన్ని ముందుకి తెస్తుంది. ఆపరేటింగ్ సిస్టమ్స్ క్లాసులో మనం బట్టీ పట్టిన రౌండ్ రాబిన్ షెడ్యూలింగ్ అదే కదా! కంప్యూటర్ పుట్టకముందే ఒక పల్లెటూరి కుర్రవాడు దాన్ని కొయ్యలో చెక్కాడు. ఆ బల్లని ఇప్పటికీ విస్కాన్సిన్‌లో భద్రపరిచారు.

డిగ్రీ పూర్తి కాకుండానే 1863లో యూనివర్సిటీ వదిలేశారు. కెనడాలో కొన్నాళ్ళు పనిచేసి, ఇండియానాపోలిస్‌లో బండి చక్రాల సామాను చేసే ఒక ఫ్యాక్టరీలో చేరారు. యంత్రాలు మెరుగుపరిచారు, ఎక్కడ సమయం వృథా అవుతోందో లెక్కలు గీసి చూపించారు. యజమానులకి ఆయనంటే గురి కుదిరింది. మనవాళ్ళ భాషలో చెప్పాలంటే లైఫ్ సెటిల్ అయిపోయినట్టే.

1867 మార్చిలో ఒక రోజు యంత్రం బెల్టు సరిచేస్తుంటే చేతిలోని ఆకురాయి జారి కుడి కంట్లో గుచ్చుకుంది. కంట్లో నీరు కారిపోయి చూపు పోయింది. కొద్ది గంటల్లో ఎడమ కన్ను కూడా మసకబారింది. 28 ఏళ్ళ మనిషి చీకటి గదిలో వారాల తరబడి పడుకున్నారు. అదృష్టం బాగుండి రెండు కళ్ళకీ చూపు తిరిగొచ్చింది. ఆ చీకట్లో ఆయన ఒక నిర్ణయానికి వచ్చారు. మనిషి చేసిన యంత్రాలకి ఇక సెలవు, ఈ కళ్ళతో చూడదగినవి చూడాలి. ఆ సెప్టెంబరులోనే బయల్దేరి కెంటకీ నుంచి ఫ్లోరిడా దాకా సుమారు వెయ్యి మైళ్ళు నడిచారు. అక్కడ మలేరియా పట్టుకుంటే కోలుకుని, క్యూబా, పనామాల మీదుగా 1868 మార్చిలో శాన్ ఫ్రాన్సిస్కోలో దిగారు. దిగగానే యోసెమిటీ వైపు నడక.

1869 వేసవిలో సియెరా నెవాడా కొండల్లో రెండు వేల పైచిలుకు గొర్రెల మంద వెంట వెళ్ళారు. తరవాత యోసెమిటీ లోయలో ఒక కోత మిల్లు కట్టి నడిపారు. ఖాళీ దొరికితే చాలు, జేబులో రొట్టెముక్క వేసుకుని కొండలెక్కడమే. ఆ రోజుల్లో కాలిఫోర్నియా ప్రభుత్వ భూగర్భ శాస్త్రవేత్త జోసయా విట్నీ, భూమి ఒక్కసారిగా కుంగిపోయి యోసెమిటీ లోయ ఏర్పడిందని చెప్పేవారు. కాదు, మంచునదులైన గ్లేసియర్లు చెక్కాయని మ్యూర్ అన్నారు. గొర్రెల కాపరికేం తెలుసని పెద్దలు తీసిపారేశారు. మ్యూర్ వాదన పెట్టుకోలేదు, డేటా తెచ్చారు! 1871లో సియెరాలో బతికున్న గ్లేసియర్‌ని కనిపెట్టి, ఆ డిసెంబరులో న్యూయార్క్ ట్రిబ్యూన్‌లో వ్యాసం రాశారు. మరుసటి ఏడు మక్లూర్ గ్లేసియర్‌లో వరసగా కర్రలు పాతి, 46 రోజుల తరవాత వచ్చి కొలిస్తే, ఒక కర్ర 47 అంగుళాలు జరిగింది. రోజుకి అంగుళం అన్నమాట. ఆ గ్లేసియర్ బాగా చిక్కిపోయినా, దాదాపు అదే వేగంతో కదులుతోందని 2013లో ప్రకటించారు. గ్లేసియర్ల పాత్రని మ్యూర్ కాస్త ఎక్కువ చేసి చెప్పారని తరవాతి శాస్త్రవేత్తలు తేల్చారు గానీ, అసలు సంగతి ఆయనే పట్టుకున్నారు.

ఇక మంచు శిఖరాల సంగతికి వద్దాం. 1875 ఏప్రిల్ 30. ఉత్తర కాలిఫోర్నియాలోని మౌంట్ షాస్టా, 14,179 అడుగులు. కోస్ట్ సర్వే వాళ్ళ కోసం శిఖరం మీద బారోమీటర్ రీడింగులు తియ్యాలి. అదే సమయానికి కొండ కింద మరొకరు తీస్తుంటారు. మ్యూర్, తోడుగా జెరోమ్ ఫే అనే కొండదారి తెలిసిన మనిషి, చీకటితోనే బయల్దేరి పొద్దున్నే పైకి చేరారు. ఎండ కాస్తోంది. ఒక్క రోజు పనే కదా అని మ్యూర్ కోటు కింద గుడారంలోనే వదిలేసి వచ్చారు.

మధ్యాహ్నానికి మబ్బులు లేవడం మొదలైంది. జెరోమ్ మాటిమాటికీ అంచు దాకా వెళ్ళి చూసి వచ్చి, ఇప్పుడే దిగకపోతే రాత్రి ఇక్కడే అని హెచ్చరించాడు. మూడు గంటల రీడింగ్ ఒక్కటే మిగిలింది. మ్యూర్‌కి లోపల ఏదో దిగిపొమ్మని చెబుతూనే ఉంది, కానీ పని సగంలో వదలడానికి మనసొప్పలేదు. మూడింటికి రీడింగ్ తీసుకుని బయల్దేరేసరికి తుఫాను వచ్చి పడింది. వడగళ్ళు, మంచు, ఉరుములు, కళ్ళు తెరవనివ్వని గాలి. అయినా దిగిపోదామన్నారు మ్యూర్. సన్నటి గట్టు మీద ఈ గాలిలో అడుగు వేస్తే ఎగిరిపోతామని జెరోమ్ కదలనన్నాడు. శిఖరానికి కొంచెం దిగువన అగ్నిపర్వతపు ఆవిర్లు పైకి తన్నే చిన్న చోటు ఉంది. ఇద్దరూ ఆ వేడి బురదలో వెల్లకిలా పడుకున్నారు. కింద వీపు కాలిపోతుంటే పైన ఛాతీ గడ్డకడుతోంది. మ్యూర్ ఒంటి మీద చొక్కా తప్ప ఏమీ లేదు. బురదలోంచి వచ్చే విషవాయువుకి నిద్రపోతే లేవరని ఒకరినొకరు పిలుచుకుంటూ తెల్లవారేదాకా గడిపారు. పొద్దున్నే గడ్డకట్టి కర్రల్లా బిగుసుకున్న బట్టలతో దిగుతుంటే, మంచు సరిహద్దు దగ్గర సిసన్ అనే స్థానిక ఆసామి గుర్రాలతో ఎదురొచ్చాడు.

నాకు ఈ ఘట్టం ఎందుకంత పట్టుకుందో చెబుతాను. కొన్నేళ్ళ కిందట మేం పదకొండు మందిమి క్యాంప్ మ్యూర్‌కి బయల్దేరాం. అందరం తెలుగువాళ్ళమే, ఎక్కువమంది ఈ దేశంలో ఎమ్మెస్ చేసి ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళం. మా అందరికీ అన్నయ్య వరసైన ఒకాయన ముందు నడిచేవారు. పారడైజ్ పార్కింగులోనే ఆయన ఒక షరతు పెట్టారు. మధ్యాహ్నం ఒంటిగంటకి ఎక్కడున్నా సరే వెనక్కి, లేదా మబ్బు కమ్మితే అంతకుముందే వెనక్కి. అందరం సరే అన్నాం. 7,200 అడుగుల దగ్గర పెబుల్ క్రీక్ దాటాక కాలిబాట పోయి మంచు మైదానం వస్తుంది. దాని పేరే మ్యూర్ స్నోఫీల్డ్. ఎండకి కళ్ళు జిగేలుమంటున్నాయి. బూట్లకి ముళ్ళ గొలుసులు తగిలించుకుని వరసగా ఎక్కుతున్నాం. సుమారు 9,200 అడుగుల దగ్గర, పావుగంటలో, మబ్బు వచ్చి కూర్చుంది. కింద తెలుపు, పైన తెలుపు, చుట్టూ తెలుపు. పదడుగుల అవతలి మనిషి నీడలా ఉన్నాడు. ఎటు పల్లమో కూడా తెలియదు. అక్కడ పడమటికి దారి తప్పితే నిస్క్వాలీ గ్లేసియర్ వైపు కొండ అంచు, తూర్పుకి తప్పితే పారడైజ్ గ్లేసియర్ పగుళ్ళు. ఆ మైదానంలో ఇలా దారి తప్పి చనిపోయినవాళ్ళున్నారు.

అన్నయ్య వెనక్కి అన్నారు. మాలో ఒకరి బావమరిది హైదరాబాద్ నుంచి వచ్చి ఉన్నాడు. రెండు రోజుల్లో అతని ఫ్లైటు. ఇంకో వెయ్యి అడుగులే కదన్నా, ఫోనులో జీపీఎస్ ఉంది కదన్నా అని బతిమాలాడు. ఇంకో ముగ్గురు అతని పక్షం. చలికి ఫోన్లు ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి. అన్నయ్య వాదించలేదు. కంపాస్ తీసి, మా పాత అడుగులు మంచులో ఇంకా కనిపిస్తుండగానే కిందికి తిరిగారు. ఒకరి వెనక ఒకరు తగులుకున్నట్టు నడిచి పెబుల్ క్రీక్ చేరాం. ఏమీ జరగలేదు. ఏమీ జరగలేదు కాబట్టే ఆ కుర్రాడికి ఇప్పటికీ కోపం. ఫోనులో ఆ సంగతి ఎత్తితే మూతి ముడుస్తాడు. సరైన సమయానికి వెనక్కి తిరిగిన మనిషి తాను సరైన పని చేశానని రుజువు చూపించలేడు. షాస్టా మీద జెరోమ్‌కి రుజువు దొరికింది, రాత్రంతా బురదలో పడుకుని!

మళ్ళీ మ్యూర్ దగ్గరికి. 1879లో అలాస్కా వెళ్ళి, ట్లింగిట్ జాతి పడవవాళ్ళ సాయంతో గ్లేసియర్ బే చూసి వచ్చారు. 1880 ఏప్రిల్‌లో లూయీ స్ట్రెంజెల్‌ని పెళ్ళి చేసుకున్నారు. మామగారికి శాన్ ఫ్రాన్సిస్కో దగ్గర మార్టినెజ్‌లో పెద్ద పండ్లతోట. ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు. మ్యూర్ ద్రాక్ష, బేరిపండ్లు పండించి బాగా సంపాదించారు. ఆ సంపాదనలో ఏళ్ళు గడిచిపోయాయి. రాయడం దాదాపు ఆగిపోయింది. మనిషి బక్కచిక్కి, దగ్గుతూ ఉండేవారు. ఇల్లు, పిల్లలు, బ్యాంకులో డబ్బు, రెండేళ్ళలో మానేస్తాననుకుంటూ ఏళ్ళు గడపడం... మనకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

1888 వేసవిలో ఆయన ఒక పుస్తకం పని మీద చిత్రకారుడు విలియం కీత్‌తో కలిసి ఉత్తరానికి వచ్చారు. ఆ ఆగస్టులోనే లూయీ ఒక ఉత్తరం రాసింది. ఒక గొప్ప జీవితాన్ని, గొప్ప పనిని బలి కోరే తోట ఉండక్కర్లేదని, తోట అమ్మేద్దామని దాని సారాంశం. అంతటి మాట అనగలిగిన ఇల్లాలు కాబట్టే తరవాతి కథ జరిగింది.

రైనీర్ ఎక్కాలనే ఉద్దేశం మ్యూర్‌కి మొదట లేదు. అప్పటికి యాభై ఏళ్ళు, ఒంట్లో బాగాలేదు. కొండ దగ్గరికి వచ్చేసరికి మనసు ఆగలేదు. గుంపులో సియాటిల్ బడుల అధికారి ఎడ్వర్డ్ ఇంగ్రహమ్, బరువైన కెమెరా సరంజామా మోసుకొచ్చిన ఆర్థర్ వార్నర్ ఉన్నారు. దారి చూపడానికి వచ్చినాయన ఫైలమన్ వాన్ ట్రంప్. 1870లో హజార్డ్ స్టీవెన్స్‌తో కలిసి రైనీర్ శిఖరం ఎక్కి, రాత్రి పైనే చిక్కుబడి, అగ్నిపర్వతపు ఆవిరి గుహలో ప్రాణాలు నిలుపుకున్నాయన. షాస్టా బురదలో పడుకున్నాయన, రైనీర్ ఆవిరిలో పడుకున్నాయన ఒకే తాడు మీద!

పదివేల అడుగుల దగ్గర చీకటి పడుతోంది, గాలి కొడుతోంది. మ్యూర్ నేల వైపు చూశారు. ఒకచోట ప్యూమిస్ పరుచుకుని ఉంది. మన ఇళ్ళల్లో కాళ్ళు రుద్దుకుంటామే, ఆ తేలికపాటి అగ్నిపర్వతపు రాయి. ఇంత తేలికైన రాయి ఎగిరిపోకుండా నిలిచిందంటే ఇక్కడ గాలి తక్కువని ఆయన లెక్క. అక్కడే పడుకున్నారు. మర్నాడు, ఆగస్టు 14న, బూట్ల కింద ఉక్కు మేకులతో మంచు ఎక్కి శిఖరం చేరారు. వార్నర్ తీసిన ఫొటోలే ఆ శిఖరం మీద తీసిన మొదటి ఫొటోలు. రాత్రి పడుకున్న చోటికి ఇంగ్రహమ్ క్యాంప్ మ్యూర్ అని పేరు పెట్టారు. 37 ఏళ్ళ వయసులో ఆకాశం చూస్తూ కూడా మూడింటి రీడింగ్ కోసం ఆగిన మనిషి, యాభై ఏళ్ళకి కాలి కింద రాయిని చూసి గాలిని చదివారు. ఆ మధ్యలో షాస్టా రాత్రి ఉందని నేననుకుంటాను.

రైనీర్ దిగాక మ్యూర్ మళ్ళీ రాయడం మొదలుపెట్టారు. తోట భూమి కొంత అమ్మేశారు, కొంత కౌలుకిచ్చారు. 1890లో సెంచరీ పత్రికలో ఆయన రాసిన రెండు వ్యాసాలు, సంపాదకుడు రాబర్ట్ అండర్‌వుడ్ జాన్సన్ పట్టుదల కలిసి ఆ అక్టోబరులో యోసెమిటీ నేషనల్ పార్కుని సాధించాయి. 1892లో సియెరా క్లబ్ పెట్టి, చనిపోయేదాకా ఆయనే అధ్యక్షులు. 1899లో రైనీర్ కూడా నేషనల్ పార్కు అయింది. 1903 మేలో ప్రెసిడెంట్ థియోడర్ రూజ్‌వెల్ట్‌ని యోసెమిటీ అడవుల్లో మూడు రాత్రులు ఆరుబయట పడుకోబెట్టారు. మంచు కురిసింది, ప్రెసిడెంటు సంబరపడ్డారు. 1906లో యోసెమిటీ లోయ కూడా జాతీయ పార్కులో కలిసింది. మధ్యలో ప్రపంచయాత్ర చేస్తూ దేవదారు చెట్లనీ హిమాలయాలనీ చూడటానికి మన దేశం కూడా వెళ్ళొచ్చారు.

చివరి పోరాటం ఓడిపోయారు. యోసెమిటీ పార్కులోనే ఉన్న హెచ్ హెచీ లోయలో ఆనకట్ట కట్టి నీళ్ళు తెచ్చుకోవాలని శాన్ ఫ్రాన్సిస్కో పట్టుబట్టింది. 1906 భూకంపం, అగ్నిప్రమాదం తరవాత ఆ కోరిక ఇంకా బలపడింది. మ్యూర్ ఏళ్ళ తరబడి ఎదిరించారు. 1913 డిసెంబరు 19న ప్రెసిడెంట్ విల్సన్ అనుమతి చట్టం మీద సంతకం చేశారు. ఏడాది తిరిగిన కొద్ది రోజులకే, 1914 డిసెంబరు 24న, లాస్ ఏంజెలెస్ ఆసుపత్రిలో న్యుమోనియాతో మ్యూర్ కన్నుమూశారు. అలాస్కా పుస్తకం రాతప్రతి అప్పటికీ దగ్గరే ఉంది. బే ఏరియాలో చాలామంది మనవాళ్ళ ఇళ్ళల్లో కుళాయి తిప్పితే వచ్చేది ఆ లోయ నీళ్ళే.

ఆయన్ని దేవుణ్ణి చెయ్యడం నా ఉద్దేశం కాదు. యువకుడిగా నల్లవారి గురించి, ఇక్కడి ఆదివాసుల గురించి ఆయన రాసిన కొన్ని మాటలు చదివితే మనసు చివుక్కుమంటుంది. 2020లో సియెరా క్లబ్బే ఆ సంగతి బహిరంగంగా ఒప్పుకుంది. ట్లింగిట్ వాళ్ళతో తిరిగాక ఆయన చూపు కొంత మారింది. అయినా మనిషి జాడలేని ప్రకృతి అని ఆయన వర్ణించిన యోసెమిటీ నుంచి అహ్వానీచీ జనాన్ని 1851లో సైనికులు తరిమారు. రైనీర్‌కి కూడా ఇక్కడివాళ్ళు పెట్టుకున్న పేరు తహోమా. రంగు చూసి మనిషిని లెక్కగట్టడం ఏమిటో ఈ దేశంలో మనకీ కొంత తెలుసు కాబట్టి, ఇది దాటేసి రాయడం నాకు ఇష్టం లేదు.

ఈ వేసవిలో మీరూ క్యాంప్ మ్యూర్‌కి వెళుతుంటే, పార్కింగులోనే వెనక్కి తిరిగే టైము అందరూ కలిసి ఒప్పుకోండి. మ్యాపు, కంపాస్ పెట్టుకోండి, ఎండ కాస్తున్నా కోటు వదలకండి. మీ గుంపులో జెరోమ్ లాంటివాడు ఎవరో ముందే చూసుకుని, అతను దిగుదామన్నప్పుడు దిగండి. వాతావరణం కలిసొచ్చి పైకి చేరితే, అక్కడి పాత రాతి షెల్టర్ పక్కన కూర్చుని పులిహోర డబ్బా తెరవండి. కాళ్ళ దగ్గర తేలికపాటి రాయి కనిపిస్తే ఒకసారి అరచేతిలోకి తీసుకుని చూడండి. చూశాక అక్కడే పెట్టెయ్యండి. నేషనల్ పార్కు కదా, ఇంటికి తెచ్చుకోకూడదు!